గుడికి సోలార్ పెట్టిస్తామంటున్నారు, ముందు ఏం చూసుకోవాలి? (చర్చి, మసీదు కమిటీల వాళ్లు కూడా చెప్పండి)

రామాలయం వీధి (తణుకు దగ్గర)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మా ఊరి రామాలయం కమిటీలో నన్ను కూడా వేశారు. మా ఊరి నుంచి వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడిన ఒకాయన గుడి మీద 5 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తానని ముందుకొచ్చారు. పెద్దలందరికీ సంతోషమే. కరెంటు బిల్లు తప్పుతుందని కోశాధికారి గారికి మరీ సంతోషం.

నాకు మాత్రం బిల్లు ఒక్కటే కాదు, ఇంకో ఆశ కూడా ఉంది. మా ఊళ్లో పంచాయతీ చెప్తే వినని మాట గుళ్లో చెప్తే వింటారు. గుళ్లో ఒక పద్ధతి మొదలైతే అది ఇళ్లలోకి కూడా వెళ్తుంది. కరెంటు పొదుపు, నీళ్లు, ప్లాస్టిక్ లాంటి విషయాల్లో మీ మీ ప్రార్థనా స్థలాల్లో ఏం చేశారో, ఏది నిలబడిందో రాయండి. వచ్చే మీటింగులో చదివి వినిపిస్తాను.

మీటర్ మాస్టారు

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. ప్యానెళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ గుళ్లో ఏమేం వెలుగుతున్నాయి, ఏమేం తిరుగుతున్నాయి, రోజుకి ఎన్ని గంటలో రాయండి. అది తెలియకుండా 5 కిలోవాట్లు కావాలో 2 కిలోవాట్లు చాలో ఎవరూ చెప్పలేరు.

రామాలయం వీధి

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను మాస్టారూ. మండపంలో పాత సీలింగ్ ఫ్యాన్లు 10, రోజుకి ఓ ఆరు గంటలు తిరుగుతాయి. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైట్లు 20, అయిదు గంటలు. గోపురం మీదకి, ప్రాంగణంలోకి 500 వాట్ల హాలోజన్లు నాలుగు, సాయంత్రం నుంచి గుడి మూసేదాకా అయిదు గంటలు. మోటారు రోజూ కాసేపే. పండగలప్పుడు సీరియల్ సెట్లు వేరే.

మీటర్ మాస్టారు

చాలు. మోటారు, సీరియల్ సెట్లు వదిలేసి లెక్క వేద్దాం.

పాత ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. పది ఫ్యాన్లు ఆరు గంటలకు 4.5 యూనిట్లు. ట్యూబ్‌లైట్ చోకుతో కలిపి 50 వాట్లు అనుకుంటే ఇరవైకి అయిదు గంటల్లో 5 యూనిట్లు. హాలోజన్లు నాలుగూ కలిసి 2,000 వాట్లు, అంటే 10 యూనిట్లు. చూశారా, మీ గుడి కరెంటులో సగం ఆ నాలుగు హాలోజన్లే మింగేస్తున్నాయి. మొత్తం రోజుకి 19.5, నెలకి 585 యూనిట్లు.

ఇప్పుడు మార్చి చూద్దాం. బీఎల్‌డీసీ ఫ్యాన్ (కరెంటు తక్కువ తాగే కొత్త రకం మోటారుది) 30 వాట్లకే అంత గాలీ ఇస్తుంది. పది ఫ్యాన్లకు 1.8 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులైతే 2 యూనిట్లు. హాలోజన్ల చోట 100 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు పెడితే ఇంకో 2 యూనిట్లు. రోజుకి 5.8, నెలకి 174.

మన ఎండకి ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకి నాలుగు యూనిట్ల దాకా, అంటే నెలకి 120 ఇస్తుంది. ఇప్పుడున్న వాడకానికైతే 5 కిలోవాట్లు కావాల్సిందే. లైట్లు, ఫ్యాన్లు మార్చాక ఒకటిన్నర కిలోవాట్‌తో సరిపోతుంది. మోటారుకీ పండగలకీ కలుపుకుని 2 అనుకోండి. మీ దాత గారికి ఈ కాగితం చూపించండి. అదే డబ్బులో లైట్లు, ఫ్యాన్లు మార్చడం, చిన్న సోలార్ రెండూ అయ్యే అవకాశం ఉంది. మిగిలితే పక్క ఊరి గుడికి.

ఇంకో సంగతి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000 రూపాయలు) ఇళ్లకే. ఎవరైనా ఏజెంటు వచ్చి గుడికి కూడా ఇప్పిస్తానంటే నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.

కొండకింద (తిరుపతి)

మాస్టారి లెక్కకి దండం.

మా తిరుమల సంగతి చెప్తాను. భక్తుల భోజనాలు వండటానికి 2002లోనే అక్కడ సౌరశక్తితో ఆవిరి పుట్టించే ఏర్పాటు చేశారు. 106 పెద్ద అద్దాల డిష్‌లు, రోజుకి 15 వేల మందికి వండే లెక్కన కట్టినవి. ఇది కరెంటు తయారు చేసే సోలార్ కాదు. డిష్‌లోని అద్దాలు ఎండనంతా ఒక చోటికి పోగేస్తాయి, అక్కడ పైపులో నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి వంటశాలకి వెళ్తుంది. సూర్యుడు కదిలే కొద్దీ డిష్‌లూ తిరుగుతాయి. కొండ మీద మబ్బు, మంచు ఎక్కువ కాబట్టి పాత బాయిలర్‌కే దీన్ని కలిపారు. ఎండ లేని రోజు బాయిలర్ నడిచి, వంట ఆగకూడదని.

షిర్డీలో 2009లో ఇలాంటిదే పెట్టారు, 73 డిష్‌లతో. ఆబూ రోడ్డులో బ్రహ్మకుమారీలైతే 770 డిష్‌లతో ఏకంగా ఒక మెగావాట్ ప్లాంటే కట్టుకున్నారు. పగటి వేడిని దాచుకుని రాత్రి కూడా వాడుకునేలా దాన్ని రూపొందించారు.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. ఇవన్నీ అన్నదానం దగ్గరో, ఆశ్రమ వంటశాల దగ్గరో మొదలయ్యాయి. పెద్ద క్షేత్రంలో ఎక్కువ ఇంధనం ఖర్చయ్యేది దీపాల దగ్గర కాదు, పొయ్యి దగ్గర. రామాలయం వీధి గారూ, మీకు శ్రీరామనవమి అన్నదానం ఉంటుంది కదా, ఎన్ని సిలిండర్లు ఖర్చవుతున్నాయో అది కూడా రాసిపెట్టుకోండి.

పాలమూరు బిడ్డ

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, కానీ నాదొక అభ్యంతరం ఉంది. ఏసీల్లో కూర్చునే ఆఫీసులు, రాత్రంతా లైట్లు వెలిగే షాపింగ్ మాల్స్ ఉండగా ఊరి గుడి దగ్గర నాలుగు లైట్ల మీద పడితే వాతావరణం బాగుపడుతుందా? మా ఊళ్లో రాత్రిపూట నాలుగు వీధులకీ వెలుగు అంటే ఆ గుడి వెలుగే. ఆడవాళ్లు పొలం నుంచి, బస్సు దిగి ఆ దారినే వస్తారు. పొదుపు పేరుతో అది ఆపితే నేను ఒప్పుకోను. మాల్స్ వాళ్లని అడిగే ధైర్యం మనకి లేక దేవుడి దగ్గర పొదుపు మొదలుపెడుతున్నామేమో అనిపిస్తుంది.

మీటర్ మాస్టారు

బాబూ, ఆడవాళ్లు వచ్చే దారికి వెలుగు ఉండాలన్న మీ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అందుకే లైటు తీసేయమనలేదు, మార్చమన్నాను. 100 వాట్ల ఎల్‌ఈడీ వెలుగు 500 వాట్ల హాలోజన్‌కి తీసిపోదు. దారి వైపు లైటు రాత్రంతా ఉంచండి, ఆకాశం వైపు తిప్పినది మాత్రం గుడి మూయగానే ఆపండి.

బెతెల్ అక్క (గుంటూరు)

పాలమూరు తమ్ముడూ, మాల్స్‌ని అడగొద్దని ఎవరూ అనట్లేదు. కానీ అడగాలంటే ముందు మన గుమ్మం సరిగా ఉండాలి కదా.

మా సంఘంలో నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. ఏదెను తోటను సేద్యపరచడానికీ కాయడానికీ దేవుడు మనిషిని అక్కడ ఉంచాడని ఆదికాండంలో చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం. కాయడం అంటే కాపలా కాయడమే. మా పాస్టరు గారు ఆ వాక్యం మీద ప్రసంగం చేసిన ఆదివారమే చర్చి వెనక చెత్త తగలబెట్టడం ఆగిపోయింది. అంతకుముందు మేం ఎంతమందిమి చెప్పినా ఆగలేదు.

మేము క్యాథలిక్కులం కాదు, అయినా పోప్ ఫ్రాన్సిస్ 2015లో రాసిన లౌదాతో సి లేఖను మా సమాజంలో కొంత కొంతగా చదువుకున్నాం. అందులో పెద్ద పెద్ద విషయాల మధ్య చాలా చిన్న మాటలు కూడా ఉన్నాయి: తినగలిగినంతే వండుకోండి, ప్లాస్టిక్ తగ్గించండి, చెట్లు నాటండి, అవసరం లేని లైట్లు ఆపేయండి. ఇవి మా అమ్మ చెప్పే మాటలే. అవే ఒక మతపెద్ద ప్రపంచానికంతటికీ రాసిన లేఖలో కనిపిస్తే వంటింటి పనికి కూడా ఒక గౌరవం వచ్చినట్టు అనిపించింది. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా చాలా సంఘాలు సృష్టి కోసం ప్రత్యేకంగా ప్రార్థనలు జరుపుతాయి. ఆ రోజుల్లో మీ దగ్గర ఏం చేస్తారో ఇతర సంఘాల వాళ్లు కూడా రాస్తే బాగుంటుంది.

చర్చికి ఒక ఇబ్బంది ఉంది. మా వాడకమంతా ఆదివారం, ఇంకో రెండు మూడు సాయంత్రాలు. మిగతా రోజులు తాళమే. మాకు సోలార్ వల్ల లాభం ఉంటుందా మాస్టారూ?

మీటర్ మాస్టారు

ఉంటుంది తల్లీ, నెట్ మీటరింగ్ ఉంటేనే. సోమవారం నుంచి శనివారం దాకా మీ ప్యానెళ్లు తయారు చేసింది లైన్లోకి వెళ్తుంది, ఆదివారం వాడుకున్నది అందులోంచి తీసేస్తారు. గుడిదీ అదే కథ. ఎండ మధ్యాహ్నం, వాడకం తెల్లవారుజామునా సాయంత్రమూ. ఈ ముగ్గురిలో మసీదుకే కొంచెం నయం, జొహర్ నమాజు, శుక్రవారం జుమా సరిగ్గా ఎండ బాగా ఉన్న వేళకే పడతాయి. బ్యాటరీల జోలికి మాత్రం వెళ్లకండి. కరెంటు తరచూ పోయే ఊరైతే తప్ప, ఆ ఖర్చు ప్రార్థనా స్థలాలకి అనవసరం.

తెలంగాణ వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ పూర్తిగా ప్రార్థనకే వాడే స్థలాలకు ఎల్‌టీ 7(బి) అని వేరే కేటగిరీ ఉంది. మీ బిల్లు మీద ఏముందో చూడండి. కమర్షియల్‌లో ఉంటే అర్జీ పెట్టుకోండి.

కడప భాయ్

అస్సలామలైకుమ్, అందరికీ నమస్తే. మా మసీదులో పొదుపు కరెంటుతో మొదలవలేదు, నీళ్లతో మొదలైంది. కడప ఎండాకాలం సంగతి మీకు తెలుసు. వజూ (నమాజుకి ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కోవడం) చేసేటప్పుడు కొళాయి పూర్తిగా తిప్పి, మోచేతుల దాకా కడుక్కునే సరికి ఒక్కొక్కరి దగ్గర నీళ్లు ధారగా పోయేవి. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వజూలో నీళ్లు దుబారా చేయొద్దని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. ఇమామ్ సాబ్ జుమా ప్రసంగంలో ఆ హదీసు చెప్పి, ఒక చెంబు తెచ్చి అందరి ముందూ ఆ చెంబు నీళ్లతోనే వజూ చేసి చూపించారు. ఒక చుక్క మిగిలింది కూడా. పెద్దవాళ్లు చూస్తూ ఉండిపోయారు. తర్వాత కమిటీ వాళ్లు కొళాయిలకి నీటి ధార తగ్గించే చిన్న బిళ్లలు బిగించారు, వజూ నీళ్లు వేప చెట్లకి వెళ్లేలా కాలువ తీశారు.

నీళ్లు తగ్గితే మోటారు తిరగడం తగ్గుతుంది, మోటారు తగ్గితే బిల్లు తగ్గుతుంది. వేరే వేరే అనుకుంటాం గానీ అన్నీ ఒకటే.

మొరాకో దేశంలో అయితే ప్రభుత్వమే 2014లో దీన్ని పెద్ద కార్యక్రమంగా పెట్టుకుంది. 600 మసీదుల్లో ఎల్‌ఈడీ లైట్లు, వజూ నీళ్లకి సోలార్ హీటర్లు, పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టాలని. మసీదులో చూసినవాళ్లు ఇళ్లకి పెట్టించుకుంటారని కూడా వాళ్ల ఆలోచన. రామాలయం వీధి అన్న మొదట రాసింది అదే కదా.

ధ్వజస్తంభం

నేను అర్చకత్వం చేస్తాను. ఈ చర్చ చాలా బాగుంది, ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి.

గర్భాలయంలో దీపం గురించి ఎవరూ భయపడనక్కర్లేదు. అఖండ దీపానికి పట్టేది రోజుకి కాస్త నూనె. అసలు శాస్త్రం ప్రకారం స్వామిని దీపపు వెలుగులోనే దర్శించుకోవాలి. ఎన్నో గుళ్లలో భక్తులకి సరిగా కనబడట్లేదని గర్భాలయంలోకి కరెంటు బల్బులు తెచ్చాం, విగ్రహం వెనక తిరిగే రంగుల లైట్లు పెట్టాం. అవి తీసేస్తే పొదుపూ అవుతుంది, ఆగమమూ నిలబడుతుంది.

అసలు కష్టం వేరే చోట ఉంది. మండపంలో తలెత్తి చూడండి. ప్రతి ట్యూబ్‌లైట్ మీదా ఎర్ర రంగుతో దాత పేరు, గోత్రం, ఊరు రాసి ఉంటాయి. మా గుళ్లో ఒక పట్టీ మీద ‘కీ.శే.’ అని మొదలుపెట్టి ఇంటిపేరుతో సహా మూడు వరసలు రాశారు, వెలుగు వచ్చే జాగా జానెడే మిగిలింది. ఫ్యాన్ రెక్కల మీద కూడా పేర్లే. ఆ ఫ్యాన్ తీసి కొత్తది పెట్టాలంటే ఆ కుటుంబం మనసు కష్టపడుతుంది. వాళ్ల నాన్న పేరు అక్కడ తిరుగుతోందని వాళ్ల తృప్తి. ఏ కమిటీ అయినా ఇక్కడే ఆగిపోతుంది. లెక్కలు తెలియక కాదు.

మేం ఏం చేశామంటే, ముందుగా ఆ కుటుంబాలన్నిటినీ పిలిచి పూజ చేయించాం. మండపం గోడకి ఒక నల్లరాతి ఫలకం పెట్టి పాత దాతల పేర్లన్నీ చెక్కించాం. చెక్కిన పేరు ట్యూబ్ మీద రాసిన పేరులా వెలిసిపోదు. ఆ తర్వాత వాళ్ల చేతుల మీదుగానే కొత్త లైట్లు పెట్టించాం. ఒకరిద్దరు తామే కొత్త ఫ్యాన్లకి డబ్బిచ్చారు. ఇక ముందు ఎవరైనా వస్తురూపంలో ఇస్తామంటే ఏది ఇవ్వాలో కమిటీయే చెప్పాలని తీర్మానం రాసుకున్నాం.

రామాలయం వీధి

స్వామీ, మీరు మా గుడిని చూసి రాసినట్టే ఉంది. మా మండపంలోనూ అదే వరస. మాస్టారి లెక్క చదివినప్పటి నుంచి నా టెన్షన్ అదే, రేపు లైట్లు మారుద్దామంటే ఎవరు బాధపడతారో అని. ఫలకం ఆలోచన మీటింగులో పెడతాను. ఖర్చు కొంచెం ఎక్కువైనా పెద్దలు ఒప్పుకుంటారనే నమ్మకం ఉంది.

న్యూజెర్సీ నుంచి

ఇక్కడి గుళ్ల గురించి కొంచెం. మాకు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు కాదు సమస్య, చలికాలంలో వేడి, ఎండాకాలంలో చల్లదనం. వారం మధ్యలో పదిమంది కూడా రాని పెద్ద హాలుని శనివారం జనానికి సరిపడేలా వారమంతా వేడి చేస్తుంటారు. మా గుళ్లో చేసిన మొదటి పని థర్మోస్టాట్‌ని పూజల వేళలకి తగ్గట్టు పెట్టడం. రెండోది చెప్పులు విప్పే గది తలుపుకి, హాలు తలుపుకి మధ్య ఒకటి మూశాకే ఇంకొకటి తెరిచే అలవాటు చేయడం. వాలంటీర్ పిల్లలు అక్కడ నిలబడి నవ్వుతూ చెప్తారు, ఎవరూ కాదనరు.

అమెరికాలో చర్చిలు, సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), మసీదులు, గుళ్లు కలిసి ఈ పని చేయడానికి ఇంటర్‌ఫెయిత్ పవర్ అండ్ లైట్ అనే సంస్థ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో శాలీ బింగమ్ అనే ఎపిస్కోపల్ మతగురువు 1998లో తమ చర్చిల కోసం మొదలుపెట్టిన ప్రయత్నం అలా అన్ని మతాలకీ పాకింది. కరెంటు పొదుపు కోసం ప్రభుత్వం పెట్టిన ఎనర్జీ స్టార్ కార్యక్రమం కూడా ప్రార్థనా స్థలాల కోసం ప్రత్యేకంగా ఒక చేతిపుస్తకం తయారు చేసింది. మన ఊళ్లలో కూడా గుడి, చర్చి, మసీదు కమిటీలు ఒక్కసారి ఒకచోట కూర్చుని ఇలాంటిది రాసుకుంటే ఎంత బాగుంటుంది! ఈ చర్చలో జరుగుతున్నది దాదాపు అదే.

పాలమూరు బిడ్డ

ధ్వజస్తంభం గారి మాటతో నాకు ఒక దారి దొరికింది. మా ఊళ్లో వినాయక చవితికి మట్టి విగ్రహం పెట్టించాలని రెండేళ్లుగా చెప్తున్నాను. విగ్రహం ఇచ్చే దాత ఎప్పుడూ పెద్ద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌దే తెస్తాడు. ఖైరతాబాద్‌లోనే 2022 నుంచి మట్టి గణపతి కదా, అంత ఎత్తు మట్టితో అయితే మా అయిదడుగులది ఎందుకు కాదు? దాతని తప్పుపట్టకుండా, ఆయన్నే పిలిచి కుమ్మరి ఇంటికి తీసుకెళ్తాను ఈసారి. మండపం దగ్గర తొమ్మిది రాత్రులూ తెల్లార్లూ వెలిగే ఫోకస్ లైట్ల సంగతి కూడా అక్కడే మాట్లాడతాను. మాల్స్ మీద నా కోపం మాత్రం తగ్గలేదు.

కొండకింద (తిరుపతి)

తగ్గక్కర్లేదు తమ్ముడూ. రెండూ చేయాలి.

రామాలయం వీధి గారూ, గోదావరి జిల్లాలో ఉన్నారు కాబట్టి ఒక మాట. కార్తీక మాసంలో దీపాలు వదిలేటప్పుడు థర్మాకోల్ దొప్పలు గుడి దగ్గర అమ్మనివ్వకండి. అరటి దొప్పలు మీ ఊళ్లో దొరకనివి కావు. మా దగ్గర స్వామివారి పూలని కూడా పారేయకుండా 2021 నుంచి అగరబత్తీలు చేస్తున్నారు. చిన్న గుడికి అంత అవసరం లేదు, వెనక ఒక గుంత తీసి పూలు, ఆకులు అందులో వేస్తే తులసికోటకి ఎరువవుతుంది.

బెతెల్ అక్క (గుంటూరు)

మాస్టారూ, ఒక సందేహం. మా చర్చి వారంలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటుంది, అయినా బిల్లు అంత తగ్గట్లేదు. ఎక్కడ పోతోందో కనిపెట్టడం ఎలా?

మీటర్ మాస్టారు

ఆరాధన లేని రోజు సాయంత్రం ఇద్దరు వెళ్లండి. ఒకరు లోపల ఫ్యాన్లు, లైట్లు, మైకు సెట్టు, నీళ్ల ఫ్రిజ్ అన్నీ ఆపాలి. మెయిన్ మాత్రం ఆపకూడదు. ఇంకొకరు మీటర్ దగ్గర నిలబడి ఎర్ర లైటు చూడాలి. ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిటో మీటర్ మీదే రాసి ఉంటుంది. అన్నీ ఆపాక కూడా అది మెరుస్తూనే ఉంటే ఏదో ఒకటి నడుస్తోంది, లేదా వైరింగులో లీకేజీ ఉంది. అప్పుడు ఒక్కొక్క ఎంసీబీ (బోర్డులో ఒక్కో లైనుకి ఉండే చిన్న బ్రేకర్ స్విచ్) దింపుతూ రండి. ఏది దింపినప్పుడు మెరుపు ఆగిందో ఆ లైన్లోనే ఉంది తేడా. ఎక్కువగా బయటపడేవి ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోయే మైకు ఆంప్లిఫయరు, నీళ్ల ఫ్రిజ్, ట్యాంకు నిండినా ఆగని మోటారు. లీకేజీ అని తేలితే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పిల్లలు తిరిగే చోటు అది.

బెతెల్ అక్క (గుంటూరు)

మంగళవారం ఆరాధన లేదు. మా అబ్బాయిని తీసుకుని వెళ్తాను. ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.